చీకటిలో పుట్టి నీటిలో నిలిచే చిత్రం

ఖరిదా అన్నది ఖరగ్‌పూర్ రైల్వే పట్టణంలోని ఒక పేట. ఈ పేటలోను, చుట్టుపట్ల రైల్వే కాలనీలలోను స్థిరపడిన తెలుగువారి ఇళ్ళలో దేవుని పటాల సరసన పెద్దల పటాలు వేలాడుతూ ఉండడం కద్దు. కుర్చీలో నిటారుగా కూర్చున్న తాతగారు, ఆయన భుజం వెనుక నిలబడిన మామ్మగారు, వారి కాళ్ళ దగ్గర బిక్కమొగం వేసుకున్న పసివాళ్ళు. అటువంటి పాత పటాలు రెండింటిని పక్కపక్కన ఉంచి చూస్తే ఒక్కొక్కప్పుడు ఒక వింత కానవస్తుంది. రెండూ ఇంచుమించు ఒకే కాలానివి, ఒకే రకం కాగితం మీద అచ్చయినవి. అయినా ఒకదానిలో చీర అంచు మీది జరీపోగులను నేటికీ లెక్కపెట్టవచ్చు. రెండవదానిలో ముఖాలు పసుపుపచ్చని మరకలో కలిసిపోయి, ఎవరు ఎవరో చెప్పగలిగినవారు కూడ కరువైపోతారు.

కాలమహిమ అని కొందరు సరిపెట్టుకుంటారు. నాసిరకం కాగితమని మరికొందరంటారు. కాని చాలా సందర్భాలలో ఆ తేడాకు కారణం మరీ సామాన్యమైనది. ఆ రెండవ పటానికి తగినన్ని నీళ్ళు దక్కలేదు, అంతే.

డార్క్‌రూమ్‌లో కాగితం మీద బొమ్మ తేలడానికి రెండు నిమిషాలు చాలు. ఆ బొమ్మ నూరేళ్ళు నిలవాలంటే ఆ తరువాత ఇంచుమించు మరొక గంట శ్రమపడాలి. మొదటి రెండు నిమిషాలను చూచి ముచ్చటపడనివారు లేరు. తరువాతి గంటను మెచ్చుకొనేవారు మాత్రం లేరు. ఛాయాచిత్రం ఆయుర్దాయమంతా ఆ మెప్పులేని గంటలోనే నిర్ణయమైపోతుంది.

రైలు కట్టిన ఊరు

బెంగాల్ నాగపూర్ రైల్వే కంపెనీ 1887లో ఏర్పడింది. పంతొమ్మిదవ శతాబ్దపు చివరి సంవత్సరాలలో ఖరగ్‌పూర్ జంక్షన్ వెలిసింది. 1900లో రూపనారాయణ నది మీద కోలాఘాట్ వంతెన పూర్తయి హౌరాతో సంబంధం కుదిరింది. పెద్ద వర్క్‌షాపు కూడ వచ్చింది. తూర్పుతీరపు రైలుమార్గంలోని ఉత్తరభాగం 1902లో ఇదే కంపెనీ చేతిలోకి రావడంతో వాల్తేరుకూ ఖరగ్‌పూర్‌కూ చుట్టరికం కలిసింది. నేటి శ్రీకాకుళం, విజయనగరం, విశాఖపట్నం ప్రాంతాల పల్లెల నుంచి పని వెతుక్కుంటూ వేలాదిమంది ఆ పట్టాల వెంట ఉత్తరానికి నడిచారు. వారి సంతతివారే ఈనాడు ఖరగ్‌పూర్‌లో తెలుగు వినిపిస్తున్నవారు.

ఊరు విడిచి వచ్చినవారికి ఛాయాచిత్రం విలాసవస్తువు కాదు. ఉద్యోగపు కార్డుకు అది కావాలి. స్వగ్రామంలో ఉన్న తల్లికి, కొడుకు కులాసాగా ఉన్నాడని చూపడానికి అది కావాలి. పెళ్ళిమాటలు నడవడానికి అది కావాలి. చదువురాని ముసలమ్మ ఉత్తరాన్ని ఎవరిచేతనైనా చదివించుకోవలసిందే కాని, ఫోటోను మాత్రం తానే చదువుకోగలదు. అందుకే రైల్వే ఊళ్ళలో కిరాణాకొట్టు, దర్జీకొట్టుతోబాటు ఫోటోస్టూడియో కూడ నిత్యావసరమైంది.

కన్ను పొడుచుకున్నా కానరాని చోటు

స్టూడియో ముందుభాగం అందరూ ఎరిగినదే: చిత్రించిన తెర, పెద్ద దీపాలు, దువ్వెన, అద్దం. అసలు పని వెనుకనున్న చిన్న గదిలో జరిగేది. తలుపు సందులకు నల్లకాగితం, గుమ్మానికి నల్లని మందపు తెర, ఒక మూల కుళాయి, పొడుగాటి బల్ల మీద మూడు ట్రేలు. ఇంతే దాని సంపద.

చీకటిగది అనగానే ఎర్రదీపం గుర్తుకు వస్తుంది. కాని ఫిల్ము కడిగేవేళ ఆ దీపానికి కూడ ప్రవేశం లేదు. పాతకాలపు ఆర్థోక్రొమాటిక్ ఫిల్ముకు ఎరుపు కనబడదు గనుక ఎర్రదీపం కింద దానిని చూచుకుంటూ కడిగేవారు. తరువాత వ్యాప్తిలోకి వచ్చిన పాంక్రొమాటిక్ ఫిల్ము అన్ని రంగులను గుర్తిస్తుంది. దానిని చుట్టనుంచి విప్పి, టాంకులోని రీలు గాడిలోకి ఎక్కించడమంతా వేళ్ళ స్పర్శతోనే సాగాలి. ఒక మలుపు మరొక మలుపును అంటుకుంటే ఆ మేరకు మందు సోకదు. 120 సైజు ఫిల్ములో ఆగ్ఫా క్లిక్ త్రీ వంటి కెమెరా తీసేది పన్నెండు బొమ్మలు. అందులో ఒకటి పాడైనా, ఎవరి ఇంటి వేడుకలోనో తిరిగిరాని ఒక క్షణం పోయినట్లే.

టాంకు మూత పడిన తరువాత దీపం వెలిగించుకోవచ్చు. ఇక డెవలపర్ వంతు. ప్రపంచమంతటా పేరుపొందిన డి-76 అనే డెవలపర్‌లో లీటరు నీటికి 2 గ్రాముల మెటాల్, 5 గ్రాముల హైడ్రోక్వినోన్, 100 గ్రాముల సోడియం సల్ఫైటు, 2 గ్రాముల బోరాక్సు ఉంటాయి. మెటాల్, హైడ్రోక్వినోన్ ఒంటరిగా చేసే పని కంటె జంటగా చేసే పని అనేక రెట్లు ఎక్కువ. సల్ఫైటు వాటిని గాలి సోకి చెడిపోకుండ కాపాడుతుంది. బోరాక్సు వాటికి కావలసినంత క్షారాన్ని సమకూరుస్తుంది.

నాలుగు పరమాణువులు, చిటికెడు ఆవఘాటు

ఫిల్ము మీద పూసిన జెలటిన్ పొరలో వెండి లవణపు స్ఫటికాలు కోట్లాదిగా ఉంటాయి. కెమెరా తలుపు క్షణకాలం తెరుచుకున్నప్పుడు వెలుగు సోకిన స్ఫటికంలో ఏర్పడే లోహపు వెండి అత్యల్పం, నాలుగైదు పరమాణువులు మాత్రమే. ఎంత శక్తిమంతమైన కంటికీ అది కానరాదు. కాని డెవలపర్ ఆ గుర్తును పట్టుకొని, స్ఫటికంలోని వందకోట్ల వెండి పరమాణువులను ఒక్కటొక్కటిగా లోహంగా మార్చివేస్తుంది. వెలుగు సోకని స్ఫటికాన్ని మాత్రం ముట్టదు. ఈ ‘నిద్రాణ బింబం’ సంగతిని ఇంగ్లండులో ఫాక్స్ టాల్బట్ 1840లో కనుగొన్నాడు. అంతకు పూర్వం ఆయన కాగితం మీద బొమ్మ కంటికి కనబడేదాక వెలుగునే నమ్ముకోవలసి వచ్చేది.

ఆ స్ఫటికాలు వెలుగుకు అంత సున్నితంగా స్పందించడానికి కారణమేమిటన్నది చాలాకాలం రహస్యంగా ఉండిపోయింది. ఒక జెలటిన్‌తో చేసిన ఫిల్ము చురుకుగా పనిచేసేది, మరొక జెలటిన్‌తో చేసినది మందగించేది. కోడాక్ కంపెనీలో శామ్యూల్ షెప్పర్డ్ అనే శాస్త్రజ్ఞుడు 1925లో దీని గుట్టు విప్పాడు. జెలటిన్‌ను పశువుల చర్మాలనుంచి, ఎముకలనుంచి తీస్తారు. ఆవజాతి మొక్కలు మేసిన పశువుల జెలటిన్‌లో ఆవనూనెకు ఘాటునిచ్చే గంధక పదార్థం లేశమాత్రంగా మిగిలిపోతుంది. ఆ గంధకమే స్ఫటికాలను మేలుకొలుపుతున్నది! ఆవనూనె లేనిదే వంట సాగని బెంగాలులో కూర్చొని ఫిల్ము కడిగేవారికి ఇది ముచ్చట గొలిపే సంగతి. అయితే ఇదే గంధకం ముందుముందు చిత్రానికి పరమశత్రువు కాబోతున్నది. ఆ కథ తరువాత.

ఎండాకాలంతో పోరు

డెవలపర్ పొట్లాల మీద ముద్రించిన లెక్కలన్నీ సాధారణంగా 20 డిగ్రీల సెంటీగ్రేడుకు చెప్పినవి. ఏప్రిలు, మే నెలలలో ఖరగ్‌పూర్‌లోని ఎర్రనేల పెనంలా కాగుతుంది. కుళాయి నీరే ముప్ఫై డిగ్రీలు దాటుతుంది. ఆ వేడిలో డెవలపర్ తొందరపడి బొమ్మను మాడ్చివేస్తుంది. జెలటిన్ ఉబ్బి మెత్తబడుతుంది, గోరు తగిలితే ఊడివస్తుంది. వేడినీళ్ళనుంచి ఒక్కసారిగా చన్నీళ్ళలో వేస్తే పగుళ్ళు వారిన చెరువుమట్టిలా ముడతలు పడుతుంది.

ఈ చిక్కుకు మన దేశపు స్టూడియోలవారు కనిపెట్టుకున్న ఉపాయం బజారు మంచుగడ్డ. మంచును మందులో వేయరాదు, మందు పలుచబడుతుంది. పెద్ద పళ్ళెంలో నీళ్ళుపోసి, మంచుముక్కలు వేసి, నడుమ డెవలపర్ పాత్రను నిలబెట్టాలి. మరొక ఉపాయం ఇంట్లోనే ఉంది. నీళ్ళు తేరడానికి వాడే పటిక జెలటిన్‌ను గట్టిపరుస్తుంది. హైపోలో పటికను తగుపాళ్ళలో కలిపితే వేసవిలో సైతం పొర ఊడకుండ నిలుస్తుంది. పుస్తకం చదవనివారికి కూడ ఈ మర్మాలు గురువునుంచి శిష్యునికి నోటిమాటగా అందేవి.

ఎర్రదీపం కింద

ఆరిన నెగటివ్‌ను ఎన్‌లార్జర్‌లో ఉంచి, కింద పరచిన బ్రొమైడ్ కాగితం మీద వెలుగు ప్రసరింపజేస్తారు. సాధారణ బ్రొమైడ్ కాగితానికి నీలికాంతి మాత్రమే తెలుసు గనుక ఎర్రదీపం వెలిగించుకోవచ్చు. ఎన్ని సెకండ్లు వెలుగు చూపాలో తెలుసుకోవడానికి ముందుగా ఒక చిన్న కాగితపు ముక్క మీద మెట్లు మెట్లుగా వెలుగు పెంచి పరీక్షిస్తారు.

మన దేశపు ఫోటోగ్రాఫరుకు ఇక్కడ ఒక పెద్ద సమస్య ఎదురవుతుంది. తెల్లని పంచె, చామనచాయ ముఖం. పంచె మడతలు కనబడేలా వెలుగిస్తే ముఖం సిరాబుడ్డి అవుతుంది. ముఖానికి సరిపడ వెలుగిస్తే పంచె ఉత్త కాగితమై మిగులుతుంది. నేర్పరి అయినవాడు ముఖం పడిన చోట కొన్ని సెకండ్లు అరచేతిని అడ్డుపెడతాడు. ఆ తరువాత ముఖాన్ని కప్పి పంచెకు మాత్రం అదనపు వెలుగు అందిస్తాడు. చేయి కదలుతూనే ఉండాలి, నిలిచిపోతే దాని నీడ పటంలో గీత పడుతుంది. ఒక్క నెగటివ్‌నుంచి ఇద్దరు మనుషులు రెండు వేరు వేరు పటాలు తీయడంలోని కిటుకు ఇదే.

తరువాత కాగితాన్ని డెవలపర్ ట్రేలోకి జారవిడుస్తారు. కొద్దిసేపు ఏమీ ఉండదు. ముందు కనుబొమ్మలు, తలవెండ్రుకలు, కోటు గుండీలు, ఆపైన ముఖం మెల్లగా తేలివస్తాయి. కొత్తవాడు పొరబడేది ఇక్కడే. ఎర్రదీపం కింద ప్రతి పటమూ ఉన్నదానికంటె నల్లగా కనబడుతుంది. ‘అయిపోయింది’ అనుకొని ఆత్రంగా పైకి తీస్తే పగటి వెలుగులో అది పాలిపోయి ఉంటుంది. రెండు నిమిషాలూ పూర్తిగా ఆగినవాడికే చిక్కని నలుపు దక్కుతుంది. ఆపైన పలుచని అసిటిక్ ఆమ్లంలో ముంచి డెవలపర్ పనిని నిలిపివేస్తారు.

వెలుగుకు జడిసిన బొమ్మలు

బొమ్మ వచ్చింది. కాని ఈ దశలో దీపం వేస్తే కాగితమంతా క్రమంగా నల్లబడుతుంది. వెలుగు సోకని వెండి లవణం ఇంకా అందులోనే ఉన్నది గదా!

ఛాయాచిత్రకళ తొలిరోజులలో మహామహులకు అడ్డుతగిలిన గోడ ఇదే. ఇంగ్లండులో థామస్ వెడ్జ్‌వుడ్ వెండి లవణం పూసిన కాగితం మీదా, తోలు మీదా ఆకుల నీడలను పట్టగలిగాడు. ఆ ప్రయోగాలను 1802లో హంఫ్రీ డేవీ ప్రకటించాడు. అయితే ఆ బొమ్మలను నిలబెట్టే మార్గం వారికి తోచలేదు. మసక వెలుతురులో దొంగచాటుగా చూచుకోవలసిందే. పగటి వెలుగు తగిలితే బొమ్మ నల్లగా మునిగిపోయేది.

మందు మాత్రం త్వరలోనే దొరికింది. జాన్ హెర్షెల్ 1819లోనే ఒక లవణం వెండి లవణాలను కరిగించివేస్తుందని గమనించాడు. ఇరవయ్యేళ్ళ తరువాత, 1839లో ఛాయాచిత్రాల వార్త లోకానికి తెలిసినప్పుడు, ఆయన ఆ పాత సంగతిని గుర్తుచేసుకొని దానిని ప్రయోగించాడు. అదే హైపో. రసాయన శాస్త్రంలో దాని పేరు సోడియం థయోసల్ఫేటు. వెలుగు సోకని లవణాన్ని అది కరిగించి నీటిలోకి లాగివేస్తుంది. లోహపు వెండి మాత్రమే మిగులుతుంది. బొమ్మకు వెలుగు భయం తీరుతుంది.

ఎవరూ చూడని గంట

హైపోలో సైతం గంధకం ఉన్నది. ఆవఘాటు రూపంలో లేశమాత్రంగా ఉండి వెండిని మేలుకొలిపిన గంధకమే, హైపో రూపంలో కాగితపు పీచులలో మిగిలిపోతే కాలక్రమాన వెండిని తినివేస్తుంది. నల్లని వెండి పసుపువన్నె సల్ఫైడుగా మారుతుంది. గాలిలోని తేమ, వేడి దీనికి తోడ్పడతాయి. వెండి కంచాలు నల్లబడడం ఎరిగిన మన గృహిణులకు ఈ చర్య కొత్త కాదు. కంచాన్ని తోముకోవచ్చు, పటాన్ని తోమలేము.

ఈ కీడు రెండు విధాల దాపురిస్తుంది. మొదటిది పాతబడిన హైపో. ఒకే హైపోలో పటం మీద పటం వేస్తూ పోతే అందులో వెండి నిండిపోతుంది. ఆపైన అది కరిగించిన లవణాన్ని కాగితంలోనే వదిలివేస్తుంది. ఆనాడు పటం శుభ్రంగానే కనబడుతుంది, మరక ఏళ్ళ తరువాత తేలుతుంది. హైపో పనికివస్తుందో లేదో తెలుసుకోవడానికి దానిలో కొన్ని చుక్కల పొటాసియం అయొడైడు ద్రావణం వేసి చూస్తారు. విరిగిన పాలలా పసుపు తెరక ఏర్పడి కలియబెట్టినా కరగకపోతే ఆ హైపో పని అయిపోయినట్లే. పారబోసేది కూడ వ్యర్థం కాదు. అందులోని వెండికోసం వాడిన హైపోను కొనుక్కొనిపోయే వ్యాపారులుండేవారు.

రెండవది చాలీచాలని కడుగుడు. ఫిల్ము పొర నీటిని పీల్చుకొని త్వరగా వదులుతుంది, ఇరవై ముప్ఫై నిమిషాల పారునీరు దానికి చాలు. పీచుకాగితం అటువంటిది కాదు. హైపో దాని పోగులలోకి ఇంకిపోతుంది. ఆ కాగితానికి పారునీటిలో ఇంచుమించు గంటసేపు స్నానం కావాలి. 1970ల దశకంనుంచి వ్యాప్తిలోకి వచ్చిన ప్లాస్టిక్ పూత కాగితం మాత్రం కొద్ది నిమిషాలలోనే శుభ్రపడుతుంది. ఒకే తొట్టిలో యాభై పటాలు ఒకదానికొకటి అంటుకొని తేలుతుంటే, గంటసేపు కుళాయి విప్పి ఉంచినా నడిమి పటాలకు నీరందదు. కడిగేవాడు వాటిని ఒక్కటొక్కటిగా అడుగునుంచి పైకి తిప్పుతూ ఉండాలి.

కుళాయిలో నీరు వేళకు మాత్రమే వచ్చే ఊళ్ళలో ఇది చిన్న విషయం కాదు. పెళ్ళిళ్ళ రోజులలో రేపటికల్లా పటాలు కావాలని గుమ్మంలో ఖాతాదారు నిలబడతాడు. తొందరపడి పది నిమిషాలలో తీసి ఆరవేసినా ఆ పటాన్ని చూచి ఎవరూ తప్పుపట్టలేరు. తప్పు బయటపడేనాటికి ముప్ఫై ఏళ్ళు గడచి ఉంటాయి. అప్పటికి ఆ స్టూడియో ఉండకపోవచ్చు, ఆ ఖాతాదారు అసలే ఉండకపోవచ్చు. అయినా గంటసేపు నీళ్ళలో చేతులుంచి, మునివేళ్ళు ముడతలు పడేదాక పటాలు తిప్పినవారున్నారు. అడిగేవారు లేనిచోట చేసిన ఆ పనివల్లనే నేడు కొందరికి తమ ముత్తాతల ముఖాలు తెలుస్తున్నాయి.

నిలిచినవి, మంటలో పోయినవి

తెలుగునేలకు సంబంధించిన ఛాయాచిత్రాలలో ప్రసిద్ధమైనవి రాజా దీనదయాళ్ తీసినవి. 1844లో మీరట్ సమీపంలోని సర్ధానాలో పుట్టిన ఆయన, 1886లో సికింద్రాబాదులో స్టూడియో స్థాపించాడు. ఆరవ నిజాం మహబూబ్ అలీఖాన్ ఆస్థాన ఛాయాచిత్రకారుడుగా పేరుపొంది 1905లో కన్నుమూశాడు. ఆయన స్టూడియో గాజు నెగటివ్‌లు 2,800కు పైగా 1989లో ఢిల్లీలోని ఇందిరాగాంధీ జాతీయ కళాకేంద్రానికి చేరాయి. నూరేళ్ళు దాటినా వాటిలోని వివరం చెక్కుచెదరలేదంటే, ఆనాడు వాటిని కడిగినవారి శ్రద్ధ ఎటువంటిదో ఊహించవచ్చు.

ఖరగ్‌పూర్‌కు దాదాపు నూటపదిహేను కిలోమీటర్ల దూరంలోని కలకత్తాలో మరొక ప్రఖ్యాత స్టూడియో ఉండేది. బోర్న్ అండ్ షెపర్డ్ అనే ఆ సంస్థ 1860లలో ప్రారంభమైంది. 1991లో జరిగిన అగ్నిప్రమాదంలో అక్కడి అమూల్యమైన పాత నెగటివ్‌లు ఎన్నో బూడిదయ్యాయి. చివరకు 2016లో ఆ సంస్థ తలుపులు మూసింది. ఎంత చక్కగా కడిగిన నెగటివ్ అయినా దాచే చోటు భద్రంగా లేకపోతే దక్కదని ఇది చెబుతున్నది.

పేరులేని చిన్న స్టూడియోల గతి ఇంకా దయనీయం. 1980ల తరువాత రంగుల ఫోటోలు ప్రింటు చేసే యంత్రాలు ఊరూరా వచ్చాయి. ఫిల్ముకు, కాగితానికి స్వదేశీ ఆధారంగా ఉండిన ఉదకమండలంలోని హిందుస్థాన్ ఫోటో ఫిలిమ్స్ కర్మాగారం కాలక్రమాన మూతపడింది. కోడాక్ సంస్థ 2012లో దివాలా రక్షణ కోరింది. చీకటిగదులు జెరాక్సు గదులయ్యాయి. నెగటివ్ పెట్టెలు అటక ఎక్కాయి, కొన్ని చెత్తకుప్పలకు చేరాయి.

అటకమీది పెట్టెను ఏంచేయాలి?

ఇంటిలో పాత నెగటివ్‌లు ఉన్నవారు వాటిని ‘నల్లటి ముక్కలు’ అని పారవేయరాదు. గోడమీది పటం వెలిసిపోయినా నెగటివ్ బాగుంటే మళ్ళీ కొత్త పటం తీయవచ్చు. అంచులను మాత్రమే పట్టుకొని ఒక్కటొక్కటిగా ఆమ్లం లేని కాగితపు కవరులో ఉంచాలి, పి.వి.సి. సంచులు కూడవు. వంటగది పక్కన, తడిగోడ పక్కన పెట్టరాదు. గాలిలో తేమ మించితే జెలటిన్ మీద బూజు పడుతుంది. బూజును నీటితో కడగబోతే జెలటినే కరిగిపోయే ప్రమాదం ఉంది. వర్షాకాలంలో సిలికా జెల్ పొట్లాలు ఉంచిన మూతబిగువు డబ్బా మేలు.

పెట్టె తెరవగానే పులిసిన సిర్కా వాసన కొడితే అసిటేటు ఫిల్ము క్షీణిస్తున్నదని గ్రహించాలి. వాటిని మిగిలినవాటినుంచి వేరుచేసి, ముందుగా వాటికే నకళ్ళు తీయించాలి. నేడు ఇందుకు చీకటిగది అవసరం లేదు. తెల్లని దీపపు పలక మీద నెగటివ్‌ను పరచి డిజిటల్ కెమెరాతో తీసి, కంప్యూటరులో నలుపును తెలుపుగా మార్చుకోవచ్చు. అయితే నకలు వచ్చింది గదా అని అసలును పారవేయడం అవివేకం. నెగటివ్‌ను చూడడానికి యంత్రం అక్కరలేదు, కిటికీ వెలుగు చాలు.

మరొక పని అన్నిటికంటె తొందరది. పటంలోని వారి పేర్లు, ఊరు, సంవత్సరం పెద్దవారిని అడిగి కవరు మీద మెత్తని పెన్సిలుతో రాసి, ఆ తరువాతనే నెగటివ్‌ను అందులో ఉంచాలి. వెండిని నీళ్ళు కాపాడగలవు. పేర్లను కాపాడగలిగినది అడిగి తెలుసుకొనేవారి ఓపిక ఒక్కటే. ఆ పేర్లు ఎరిగినవారు ఏడాదికేడాది తగ్గిపోతున్నారు.